పుస్తకాల బ్లాగుకు నెలకు ఎంత కేటాయించవచ్చు?

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. చేతికి వచ్చే జీతం నెలకు 46,000 రూపాయలు. ఆరేళ్లుగా తెలుగు పుస్తకాల మీద బ్లాగు రాస్తున్నాను. పుస్తకాలకు నెలకు దాదాపు 4,000 అవుతోంది. కొనుగోలు లింకుల మీద కమీషనుగా గత ఏడాది మొత్తం 1,140 రూపాయలు వచ్చాయి. ‘దాని మీద నాలుగు రూపాయలు సంపాదించు, లేదంటే మానెయ్’ అంటున్నారు మావారు. 90,000 వ్యక్తిగత రుణం తీసుకుని, కెమెరా కొని, వెబ్‌సైటు బాగుచేయించి, వీడియోలు కూడా మొదలుపెడితే ఆదాయం వస్తుందా? ఖర్చుల పట్టిక జతచేస్తున్నాను.

సమాధానం: ఆ రుణం తీసుకోకండి, బ్లాగూ మానకండి. మీవారి మాటలో న్యాయం లేకపోలేదు, కానీ ఆయన బాధకు కారణం బ్లాగు సంపాదించకపోవడం కాదని మీరు పంపిన పట్టిక చూస్తే నాకు అర్థమైంది. దాని గురించి చెప్పే ముందు రుణం సంగతి తేల్చుకుందాం.

90,000 రూపాయలను 14 శాతం వడ్డీకి రెండేళ్ల గడువుతో తీసుకున్నారనుకుంటే నెలవాయిదా సుమారు 4,320 అవుతుంది, మొత్తం మీద వడ్డీకే 13,700 దాకా పోతుంది. ఇప్పుడు రాబడి వైపు చూడండి. 250 రూపాయల పుస్తకం మీద 5 శాతం కమీషను అనుకున్నా మీకు దక్కేది పన్నెండున్నర రూపాయలు. ఒక్క వాయిదా కట్టడానికే మీ లింకుల ద్వారా నెలకు 346 పుస్తకాలు అమ్ముడుపోవాలి, మీ పుస్తకాల ఖర్చు కూడా అందులోంచే రావాలంటే ఆ లెక్క 666కు చేరుతుంది. తెలుగులో ఒక కథాసంపుటి సాధారణంగా 500 ప్రతులో, 1,000 ప్రతులో అచ్చవుతుందని, అవి చెల్లడానికి ఏళ్లు పడుతుందని నాకంటే మీకే బాగా తెలుసు. ఇది మీ రాతలో లోపం కాదు, ఆ విపణి పరిమాణమే అంత.

మరో నష్టం పద్దుల్లో కనపడదు. కమీషను రావాలంటే ఇప్పుడు దొరికే పుస్తకాల మీదే, అందులోనూ బాగా అమ్ముడుపోయే పోటీపరీక్షల పుస్తకాల మీద, వ్యక్తిత్వ వికాసం మీద రాయవలసి వస్తుంది. ముద్రణలో లేని పాత పుస్తకాలను వెతికి పట్టుకుని వాటి గురించి రాయడమే మీకు ఇష్టమని ఉత్తరంలో చెప్పారు. వాటికి లింకే ఉండదు. ఆరేళ్లుగా మిమ్మల్ని రాయిస్తున్నది ఆ ఇష్టమే కాబట్టి, నెలవాయిదా కోసం దాన్ని వదులుకోవడం నాకు సమ్మతంగా లేదు. రాబడి లేకపోయినా సంగీతం నేర్చుకోవడానికీ, యాత్రలకు వెళ్లడానికీ మన ఇళ్లలో డబ్బు కేటాయిస్తూనే ఉంటాం. పుస్తకాలకు మాత్రం ఆ మర్యాద ఎందుకు ఉండకూడదు?

ఇక పట్టిక విషయం. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో 9,400 రూపాయలకు కొన్న పుస్తకాల బిల్లు క్రెడిట్ కార్డు మీద ఉంది. ఆ తరువాత వరుసగా కనీస మొత్తమే కట్టారు, ఇంకా 8,600 బాకీ మిగిలింది. ఇలాంటి బాకీ మీద నెలకు మూడున్నర శాతం చొప్పున వేసుకున్నా 300 రూపాయలు, అంటే నెలనెలా ఒక మంచి పుస్తకం వెల వడ్డీ కింద పోతోంది. మీ ఇంట్లో మాటపట్టింపుకు అసలు మూలం ఇదేనని నా నమ్మకం. అభిరుచి డబ్బు తేకపోయినా ఇంట్లోవారు సర్దుకుంటారు, అది ఎక్కడ ఆగుతుందో తెలియనప్పుడే భయపడతారు.

అందుచేత జీతంలో 5 శాతం, అంటే నెలకు 2,300 రూపాయలు, పుస్తకాలకూ బ్లాగుకూ కలిపి విడిగా ఒక పొదుపు ఖాతాలో వేసుకోండి. అందులో 1,300 ఆ నెల కొనుగోళ్లకు వాడండి, మిగిలిన 1,000 కదపకుండా ఉంచితే వచ్చే జనవరి నాటికి పుస్తక మహోత్సవానికీ, బ్లాగు చిరునామాకు కట్టే డొమైన్ రుసుముకూ సరిపోయే సొమ్ము చేతిలో ఉంటుంది. ఇప్పుడు చేస్తున్న ఖర్చులో తగ్గే 1,700ను రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, ఎందుకంటే గృహరుణం వాయిదా నడుస్తున్న ఇంట్లో అత్యవసర నిధి 40,000 మాత్రమే ఉండటం చాలా తక్కువ. కొనుగోళ్లు తగ్గితే చదువు తగ్గుతుందని బెంగపడకండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మీరు కడుతూనే ఉన్నారు, పైగా పాత పుస్తకాలకు పేరుపొందిన గౌతమీ గ్రంథాలయం మీ ఊళ్లోనే ఉంది.

పన్ను విషయం రెండు మాటల్లో చెబుతాను. చిన్న మొత్తమే అయినా ఆ 1,140 రూపాయలను రిటర్నులో చూపించండి. అభిరుచి కోసం కొన్న పుస్తకాల ఖర్చును చూపించి జీతం మీద పన్ను తగ్గించుకునే వీలు మాత్రం లేదు, ఎవరైనా అలా చెబితే నమ్మకండి.

ఈ నెలలో మొదట చేయవలసిన పని కార్డు బాకీ తీర్చడం. అత్యవసర నిధిలోంచే 8,600 తీసి మొత్తం ఒకేసారి కట్టేయండి, పొదుపు ఖాతా ఇచ్చే కొద్దిపాటి వడ్డీ కోసం ఆ బాకీని మోయడంలో అర్థం లేదు. ఆ తరువాత రెండు నెలలు కొత్త పుస్తకాలేవీ కొనకుండా ఆ 4,000 చొప్పున తిరిగి నిధిలో జమచేస్తే దాదాపు లోటు పూడుతుంది, పైన చెప్పిన 2,300 కేటాయింపు ఆ తరువాతే మొదలుపెట్టండి. కొని ఇంకా తెరవని పుస్తకాలు 37 ఉన్నాయని పట్టిక చివర మీరే రాసుకున్నారు, ఆ రెండు నెలలూ బ్లాగుకు అవి చాలు.