షాపులో దొరికే బిళ్లతో ఆర్‌పీ ఆగుతుందా?

మీ తమ్ముడికి రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్‌పీ, కంటి వెనక ఉండే రెటీనా పొర మెల్లగా పాడై చూపు తగ్గే వంశపారంపర్య జబ్బు) అన్నారనీ, కఫానికి వాడే ఎన్-అసిటైల్ సిస్టీన్ బిళ్లలు మొదలుపెట్టొచ్చా అనీ అడిగారు. సొంతంగా మాత్రం వద్దండి. మా అన్నయ్యకీ ఇదే జబ్బు. అమ్మానాన్నలది మేనరికం.

అప్పట్లో ఫిట్స్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్‌తో చూపు మెరుగైందని చదివి, తెలిసినవాళ్లతో చీటీ రాయించుకుని ఆర్నెల్లు వాడాం. అన్నయ్య లావెక్కాడు, చేతులు వణికేవి. టీ గ్లాసు నోటిదాకా వెళ్లేలోపే చొక్కా మీద ఒలికేది. చూపు మాత్రం పెరగలేదు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి ద్వారానే వచ్చే రకం ఆర్‌పీ ఉన్న 90 మందితో ఏడాదిపాటు చేసిన పరీక్ష ఫలితం 2018లో వచ్చింది. మందు లేని బిళ్ల వేసుకున్నవాళ్లకంటే వాల్‌ప్రోయేట్ వాడినవాళ్లకే చూపు పరిధి ఎక్కువ తగ్గిందట. అన్నయ్యది వేరే రకమే అయినా, అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలాగని పాత మందులన్నీ దండగ అనను. తర్వాత విశాఖలో హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, రెటీనా పొరల్ని చూపే ఓసీటీ స్కాన్ తీస్తే రెటీనా మధ్యలో నీరు చేరి ఉంది. గ్లకోమాకి ఎప్పట్నుంచో వాడే ఎసిటజోలమైడ్ రాశారు. వేళ్లు తిమ్మిరెక్కేవి. బీచ్‌లో గోలీసోడా తాగి "ఇందులో గ్యాసే లేదురా" అన్నాడు, అదీ ఆ మందు గుణమేనట. కానీ కొన్ని వారాలకు నీరు తగ్గింది, పేపర్లో హెడ్డింగుల కింది అక్షరాలు కూడా చదివాడు. జబ్బు పోలేదు, వాపు పోయింది.

మీరడిగిన బిళ్ల సంగతి. చీకట్లో చూపునిచ్చే కణాలు చచ్చిపోయాక అక్కడ ఆక్సిజన్ మిగిలిపోయి, పగటి చూపునిచ్చే కణాలనూ దెబ్బతీస్తుంది. ఆ నష్టాన్ని ఈ మందు తగ్గించొచ్చని ఆలోచన. 30 మందితో చేసిన తొలి పరీక్షలో ఆశ కనిపించింది, కానీ పోల్చడానికి మందు లేని బిళ్ల వేసుకున్నవాళ్లు అందులో లేరు. అందుకే 2023లో 400 మందికి పైగా తీసుకునేలా పెద్ద పరీక్ష మొదలుపెట్టారు.

ముందు జీన్ టెస్ట్ గురించి, రెటీనాలో నీరు చేరిందా అని డాక్టర్‌ని అడగండి. విటమిన్ ఎ కూడా సొంతంగా వేయకండి, స్టార్‌గార్ట్ అనే మరో వంశపారంపర్య రెటీనా జబ్బు అయితే హాని. అపాయింట్‌మెంట్ పొద్దున్నే తీసుకోండి. చుక్కలు వేశాక చీకటి పడితే తమ్ముడికి మెట్లు దిగడం కష్టం.