ఇంటర్ తప్పినవాడికి సీసపు అక్షరాలు ఇచ్చిన వృత్తి

ఇంటర్ తప్పినవాడు మంచి వృత్తిలో స్థిరపడగలడా, దారి చూపే గురువును ఎక్కడ వెతకాలి అని అడిగారు. నేను 1991లో ఇంటర్ లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పి, విజయవాడలో ఒక చిన్న అచ్చాఫీసులో కంపోజింగ్, అంటే అచ్చుకోసం సీసపు అక్షరాలు పేర్చే పని, నేర్చుకోవడానికి చేరాను. ఇప్పుడు హైదరాబాదులో ఫోన్ల తెరల మీద కనిపించే తెలుగు మాటలను రాసి, సరిచూసే ఉద్యోగం చేస్తున్నాను. కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు గట్టిగా అవుననే. రెండో ప్రశ్న గురించే కొంత వివరంగా చెప్పాలి.

మా అచ్చాఫీసు ఫోర్‌మన్‌ను అందరూ బాబాయిగారు అనేవారు. తెలుగు కంపోజింగ్‌లో అక్షరాలకు, గుణింతాలకు, వత్తులకు, పొల్లులకు వేర్వేరు సీసపు ముక్కలు ఉండేవి. ఆ ముక్కలు ఉంచే కేసుల్లో వందల గళ్ళు. ముక్క మీది అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది, స్టిక్కు అనే చేతిపట్టీలో దాన్ని తలకిందులుగా పేర్చాలి. చేరిన మూడో నెలలో, ఒక బడి గైడుకు కంపోజ్ చేసి కట్టిన పేజీని మోసుకెళ్తూ గడప దగ్గర జారవిడిచాను. రెండు రోజుల పని నేల మీద గుప్పెళ్ళకొద్దీ సీసమైపోయింది. ఉద్యోగం పోయిందనుకుని అక్కడే నిలబడిపోయాను.

బాబాయిగారు తిట్టలేదు. "ఈ రాత్రికి ఇంటికి పోకురా అబ్బాయ్, ఒక్కొక్క దాన్నీ గోటితో తడిమి చూసి దాని గడిలో వేయి" అన్నారు. తాను ఎదురుగా స్టూలు వేసుకుని తెల్లవారేదాకా కూర్చున్నారు. నేను తప్పు గడిలో వేసిన ముక్కను తీసి మాట్లాడకుండా నా ముందు పెట్టేవారు, ఏం తప్పో నేనే కనిపెట్టాలి. అలా ఆరుసార్లు నా ముందుకు వచ్చింది 'థ' అక్షరమే. దానికీ 'ధ'కూ తేడా లోపలి చుక్క ఒక్కటే. అంత చిన్న అక్షరంలో ఆ చుక్కను గోటి చివరతో పట్టుకోవడం ఆ రాత్రి వచ్చింది.

నా దృష్టిలో గురుత్వమంటే అదే. డబ్బు కట్టించుకుని అరగంట వీడియోలో ధైర్యవచనాలు చెప్పే మార్గదర్శకులు ఈమధ్య చాలామంది తయారయ్యారు. వారిలో ఎవరైనా మీరు చేసిన పనిని చేతిలోకి తీసుకుని చూశారా? చూడకపోతే ఆ డబ్బు దండగ. పిల్లవాడి ర్యాంకు తప్ప చేతి నైపుణ్యం అడగని బంధువుల మీద కూడా నాకు అంతే కోపం.

1997లో మా యజమాని సీసపు అక్షరాలతో అచ్చువేసే ట్రెడిల్ మిషన్‌ను పాత ఇనుముకు అమ్మేశారు. నేను పేజ్‌మేకర్, 'అను' అనే తెలుగు ఫాంట్లు నేర్చుకుని, కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ ఆపరేటర్‌నయ్యాను. ఆ ఫాంట్లలో తెలుగు రూపాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పేజీ అంతా అర్థంలేని గుర్తులే. అలా టైపు చేసిన పుస్తకాలు ఎన్నో నేటికీ వెతికినా దొరకని స్థితిలో ఉండటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఏ కంప్యూటర్‌లోనైనా ఒక్కో అక్షరానికి ఒకే సంఖ్య ఉండేలా చూసే యూనికోడ్ తొలి ప్రమాణం, తెలుగుకు 128 స్థానాలు కేటాయిస్తూ, వెలువడింది కూడా నేను పరీక్ష తప్పిన 1991లోనే, కానీ 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చేదాకా మా వీధిలో ఆ సంగతి ఎవరికీ తెలియదు.

2006లో హైదరాబాదులో ఒక అనువాద సంస్థ ఇరవై వాక్యాలిచ్చి తప్పులు పట్టమంది. పట్టాలున్నవారంతా అర్థాలు సరిచూస్తుండగా, నాకు మాత్రం 'సాఫ్ట్వేర్' అనే మాటలో ఫ కింద ట వత్తు, దాని కింద వ వత్తు పేరుకుని కనిపించాయి. "పొల్లు వేయాల్సిన చోట వత్తు వేశావురా" అని బాబాయిగారు రోజూ అనే మాట గుర్తొచ్చింది. ట్ తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తు పెడితే 'సాఫ్ట్‌వేర్' సరిగా వస్తుందని రాశాను. ఉద్యోగం ఇచ్చారు, ఇంటర్ సంగతి ఎవరూ అడగలేదు.

కొన్నేళ్ళ తర్వాత విజయవాడ సత్యనారాయణపురంలో బాబాయిగారి ఇంటికి వెళ్ళి, మేము తెలుగు చేసిన ఫోన్ చూపించాను. కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్క తెరనూ ప్రూఫు చదివినట్టు చదివారు. ఒక బటన్ దగ్గర వేలు ఆగింది. దాని మీద 'అర్ధమైంది' అని ఉంది.

"లోపల చుక్క ఏదిరా?" అన్నారు.

ఆ రాత్రే ఆఫీసుకు రాసి సరిచేయించాను.