స్కెలిటార్ అడుగుతున్నది తన వాటా

ప్రశ్న: బొమ్మల్లోంచి కార్టూన్లకెక్కిన వీరుడు హీ-మ్యాన్ కథల్లో అతని శత్రువు, పుర్రె మొహం స్కెలిటార్ పుట్టుపూర్వోత్తరాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. వేరే లోకపు రాక్షసుడని ఒకచోట, రాజుగారి సోదరుడని ఇంకోచోట. మీరు ఏది నమ్ముతారు? ఎందుకు?

జవాబు:

నేను నమ్మేది ముందే చెప్పేస్తాను. స్కెలిటార్ ఆ కథల్లో శక్తంతా దాగున్న గ్రేస్కల్ కోటను దోచుకోవడానికి రాలేదు, తన వాటా అడగడానికి వచ్చాడు. అడిగే పద్ధతి దుర్మార్గం, అందులో వాదనేం లేదు. కానీ హక్కు లేదనడానికి వీల్లేదు. వాడు ఆ ఇంటివాడే.

దీనికి నా దగ్గరున్న మొదటి సాక్ష్యం ఏ కార్టూనూ కాదు, బొమ్మలే. 1982లో మాటెల్ కంపెనీ తెచ్చిన తొలి బొమ్మల్లో హీ-మ్యాన్‌కీ స్కెలిటార్‌కీ ఇచ్చిన కత్తులు ఎప్పుడైనా దొరికితే చేతిలోకి తీసుకుని చూడండి. హీ-మ్యాన్‌ది బూడిద రంగు, స్కెలిటార్‌ది వంగపండు రంగు. రెండూ ఒకవైపే చెక్కినట్టుంటాయి, రెండో వైపు బల్లపరుపు. ఆ బల్లపరుపు వైపులు ఎదురెదురుగా పెట్టి నొక్కితే రెండూ అతుక్కుని ఒకే కత్తి అయిపోతుంది. బొమ్మతోపాటు వచ్చిన బుల్లి పుస్తకం, అదే తొలి మిని కామిక్, చెప్పేదీ ఇదే: సగాలు రెండూ కలిస్తేనే కోట తెరుచుకుంటుంది.

మేము అప్పట్లో విశాఖపట్నం మల్కాపురంలో ఉండేవాళ్లం. ఎనభైల చివర దూరదర్శన్‌లో హీ-మ్యాన్ వచ్చే రోజులు. మాటలు సగం కూడా అర్థమయ్యేవి కావు. దానికి తోడు సముద్రపు గాలికి యాంటెన్నా తిరిగిపోయి టీవీ నిండా చీమలు పాకేవి. మా పక్క పోర్షన్లో బొంబాయి నుంచి బదిలీ మీద వచ్చిన నేవీ కుటుంబం ఉండేది. వాళ్లబ్బాయి దగ్గర హీ-మ్యాన్, నా దగ్గర స్కెలిటార్. (నాకూ హీ-మ్యానే కావాలి. జగదాంబ దగ్గర షాపులో అది అయిపోయింది. ఆ రోజు స్టాకు ఉండుంటే ఈ జవాబు ఇంకోలా ఉండేదేమో.) కోట బొమ్మ మాత్రం మా వీధిలో ఎవరికీ లేదు. నేవీవాళ్లు బదిలీలకి సామాను సర్దుకునే నల్ల ట్రంకుపెట్టె ఉంటుంది చూడండి, మూత మీద తెల్ల రంగుతో పేరూ ర్యాంకూ రాసి, అదే మా గ్రేస్కల్. గొళ్లెం కన్నంలో రెండు కత్తులూ కలిపి దూరిస్తేనే మూత తియ్యాలని రూలు పెట్టుకున్నాం.

మా తాతయ్య సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసేవారు. అరుగు మీద కూర్చుని మా యుద్ధాలు చూసీ చూసీ ఒకరోజు ఆ కత్తులు రెండూ ఇలా తెమ్మన్నారు. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, అతికించి, విడదీసి, మళ్లీ అతికించి, “ఒరే, చెరి సగం ఉన్నాదంటే ఇది దొంగతనం కేసు కాదురా, పంపకాల తగువు. ఆడిది ఆడికి ఇచ్చీండి, గొడవొగ్గేస్తాడు” అన్నారు. మేం పడీ పడీ నవ్వాం. ఇంటర్నెట్ వచ్చాక పాత మిని కామిక్కులు, కొత్త సిరీస్‌లు అన్నీ వెతికి పట్టుకుని చదువుతుంటే, చూస్తుంటే, ఆయన మాటకే ఆధారాలు దొరుకుతూ పోయాయి.

ఆ ఆధారాల్లోకి వెళ్లేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ లోకంలో బొమ్మ ముందు, పురాణం తర్వాత. హీ-మ్యాన్ ఎక్కి తిరిగే బ్యాటిల్ క్యాట్‌నే తీసుకోండి. మాటెల్‌వాళ్ల దగ్గర బిగ్ జిమ్ అనే పాత వరస బొమ్మల కోసం చేసిన పులి అచ్చు ఉంది. దానికే ఆకుపచ్చ రంగు వేసి ఇందులో పెట్టారు. బిగ్ జిమ్ బొమ్మలు సైజులో పెద్దవి కాబట్టి ఆ పులి హీ-మ్యాన్ పక్కన మరీ భారీగా కనిపించింది. జీను వేసి అతన్ని దాని మీద కూర్చోబెట్టేశారు. వీరుడికి వాహనం దొరికింది అలాగే.

హీ-మ్యాన్ పక్షాన పోరాడే అమ్మాయి టీలా సంగతి ఇంకా తమాషా. ఆ బొమ్మకి పాము పడగలా ఉండే కవచం విడిగా వస్తుంది. తొడిగితే మంత్రాల దేవత, తీసేస్తే టీలా. ఒక్క బొమ్మతో రెండు పాత్రలు నడిపిద్దామనుకున్నారు. మరి ఇద్దరూ అచ్చు ఒకేలా ఎందుకున్నారని ఏ పిల్లాడైనా అడుగుతాడు కదా? మిని కామిక్‌లో చెప్పిన జవాబు ఏమిటంటే, స్కెలిటార్ ఆ దేవతని క్లోన్ చేస్తే పుట్టిన పిల్లే టీలా అని! 1983లో వచ్చిన ఫిల్మేషన్ స్టూడియోవాళ్ల కార్టూన్ ఆ గొడవంతా తుడిచేసి టీలాని కోటలో ఉండే మంత్రకత్తెకి కూతుర్ని చేసింది. నాకైతే క్లోన్ కథే ఇష్టం. అందులో ఆ కవచానికి ఒక అర్థముంది.

బొమ్మని బట్టి కథ అల్లుకోవడం, మేము చేసిందీ ఇదే. ఆ బొమ్మల కాళ్లని లోపల ఒక రబ్బరు బ్యాండు పట్టి ఉంచుతుంది. ఇసకలో ఆడీ ఆడీ, ఉప్పుగాలికి నాని నా స్కెలిటార్‌ది పుటుక్కుమంది, రెండు కాళ్లూ ఊడి చేతిలోకొచ్చాయి. సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి తెచ్చి సన్నగా కోసి, కాళ్ల కొసల్లో ఉండే కొక్కేలకి తగిలించి బాగుచేసుకునేదాకా కాళ్లు లేని స్కెలిటార్‌కి ఒక కథ కావాలి. డాల్ఫిన్ నోస్ కొండ మీంచి హీ-మ్యాన్ తోసేశాడనీ, లైట్‌హౌస్ దీపం కళ్లలో కొట్టడం వల్ల తప్పించుకోలేకపోయాడనీ మా వీధి పురాణం. మాటెల్‌లో జీతం తీసుకుని కథలు రాసినవాళ్లు కూడా ఇంతకంటే వేరే పనేమీ చెయ్యలేదు.

అందుకని కథకీ కథకీ పొంతన కుదరనప్పుడు నేను బొమ్మ మాటే వింటాను. బొమ్మ చెబుతున్నది చెరి సగం అని.

ఇక స్కెలిటార్ ఎవరన్నదానికి ముఖ్యంగా మూడు కథలున్నాయి. డొనాల్డ్ గ్లట్ రాసి అల్ఫ్రెడో అల్కాలా బొమ్మలు వేసిన తొలి మిని కామిక్ ప్రకారం వాడు వేరే లోకంవాడు. మహాయుద్ధాల్లో రెండు లోకాల మధ్య గోడకి చిల్లు పడితే ఇటు వచ్చిపడ్డాడు. తనవాళ్లందర్నీ ఇటు తెచ్చుకోవడమే వాడి పని. (ఆ పుస్తకంలో హీ-మ్యాన్ రాకుమారుడు కూడా కాదు, అడవి తెగ మనిషి. రాకుమారుడు ఆడమ్ అనే మారుపేరు ఆ తర్వాత వచ్చింది.) 1985లో ఫిల్మేషన్ సినిమాలో వాడు హోర్డాక్ అనే ఇంకో దుర్మార్గుడికి శిష్యుడు, గురువుగారు వదిలేసి పోతే ఈ కథలు జరిగే ఎటర్నియా లోకంలో ఉండిపోయినవాడు. ఇక ఆ తర్వాత వచ్చిన ఒక మిని కామిక్‌లో ఆడమ్ తండ్రి రాండార్ మహారాజు ఎప్పుడో తప్పిపోయిన తన సోదరుడు కెల్డార్ కోసం వెతకడం మొదలుపెడతాడు. ఆ రహస్యం బయటపడకూడదని కిందా మీదా పడేది ఎవరయ్యా అంటే స్కెలిటార్. ఎందుకో ఆ పుస్తకం చెప్పదు. చెప్పేలోపే ఆ బొమ్మల వరస ఆగిపోయింది.

తర్వాతివాళ్లు ఆ కొస పట్టుకున్నారు. 2002 కార్టూన్‌లో నీలి చర్మం ఉన్న కెల్డార్ రాండార్ మీదకి ఆసిడ్ విసిరితే అది డాలుకి తగిలి వాడి మొహం మీదే పడుతుంది. పుర్రె అలా బయటపడింది. 2008 నుంచి వచ్చిన క్లాసిక్స్ అనే కొత్త వరస బొమ్మల డబ్బాల మీద ఇచ్చిన కథలో కెల్డార్ మిరో మహారాజు కొడుకు, తల్లి మాత్రం గార్ అనే నీలిరంగు జాతి మనిషి. అంటే రాండార్‌కి సవతి సోదరుడు. ఈ గార్ జాతి ఎందుకు పుట్టిందనుకుంటున్నారు? 1982లో ఎవరో స్కెలిటార్ ఒంటికి నీలం ప్లాస్టిక్ వాడారు కనక. రంగుకి కారణం వెతుక్కుంటూ వెళ్లి ఒక వంశాన్నే సృష్టించారు! 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన కంప్యూటర్ యానిమేషన్ సిరీస్‌లో కూడా కెల్డార్ రాండార్ సోదరుడే.

ఇప్పుడు ఆస్తి లెక్క చూద్దాం. 2002 సిరీస్‌లోనే గ్రేస్కల్ అన్నది ఒక రాజు పేరని తెలుస్తుంది. హోర్డాక్‌తో పోరాడి ప్రాణం వదిలిన ఆ రాజు శక్తి కత్తిలో చేరింది, ఆడమ్ ఆయన వంశంవాడు. అంటే కోట పిత్రార్జితం. ఆ వారసత్వం రాండార్ వైపు నుంచి వచ్చిందే అయితే, మిరో మహారాజుకి ఇంకో కొడుకైన కెల్డార్‌కి ఎందుకు రాకూడదు? తల్లి వేరే జాతిదనా? రాండార్ కట్టుకున్న మార్లీనా ఎటర్నియా మనిషే కాదు, భూమి నుంచి వచ్చి కూలిపోయిన వ్యోమనౌకలోని వ్యోమగామి. వేరే గ్రహం ఆవిడకి పుట్టినవాడికి కత్తి ఇవ్వొచ్చు గానీ, సొంత గ్రహంలో గార్ తల్లికి పుట్టినవాడికి ఇవ్వకూడదా? ఈ ఒక్క ముక్క దగ్గరే రాండార్ పక్షంవాళ్లెవరూ నాకు ఇప్పటిదాకా సరైన జవాబు చెప్పలేదు.

కత్తి సగం రాండార్ చేతిలో కాకుండా హీ-మ్యాన్ చేతిలో ఎందుకుంది అని అడగొచ్చు. హిందూ ఉమ్మడి ఆస్తికి మన పాత లెక్కైన మితాక్షర పద్ధతిలో పిత్రార్జితం మీద కొడుక్కి పుట్టుకతోనే హక్కు, తండ్రి పోయేదాకా ఆగక్కర్లేదు. ఆడమ్ తండ్రి వాటా పట్టుకుని నిలబడ్డాడు, బాబాయో పెదనాన్నో తన సగం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. మధ్యలో మంత్రకత్తె తాళం ఎవరికీ ఇవ్వకుండా కోటలో కూర్చుంది. ఆడమ్‌కి కవలగా పుట్టిన అడోరాకి సొంత కత్తితో షీ-రా కథ వచ్చింది కూడా 1985లోనే. మన ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి సమాన వాటా ఇచ్చిన సవరణ అమలైంది 1985 సెప్టెంబరు 5 నుంచి. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు, నాకూ తెలుసు. అయినా ఆ తేదీ చూసినప్పుడల్లా తాతయ్య గుర్తొచ్చి నవ్వొస్తుంది.

వేరే లోకపు రాక్షసుడన్న పాత కథని ఏం చెయ్యాలి? నేను దాన్ని కొట్టిపారెయ్యను. వాటా ఎగ్గొట్టాలనుకునే ఇంట్లో మొదట పుట్టే పుకారు అదే: “వాడసలు మనవాడే కాదు.” అంతఃపురంలో దాసీల నోట మొదలై ఊరంతా పాకి చివరికి పుస్తకమెక్కిన మాట అనుకుంటే మూడు కథలూ ఒకేచోట ఇముడుతాయి. హోర్డాక్ శిష్యరికం కెల్డార్ ఇంట్లోంచి బయటపడ్డాక జరిగినది.

1987లో వచ్చిన స్కేర్ గ్లో అనే చీకట్లో మెరిసే అస్థిపంజరం బొమ్మ మీద కూడా పెద్ద తగాదా ఉంది. డబ్బా మీద దాన్ని స్కెలిటార్ దయ్యం అన్నారు. రేపు చచ్చిపోబోయే స్కెలిటార్ ఆత్మ అది అని కొందరు, కాదు, వాడి కింద పనిచేసే ఏదో దయ్యమని కొందరు. నా ఓటు మొదటిదానికి. వాటా దక్కకుండా పోయినవాడు ఊరికే పోతాడా?

నా వాదనకి గట్టిగా అడ్డొచ్చేది ఒక్కటే, అందరూ చూసిన ఫిల్మేషన్ కార్టూన్. అందులో సగాలూ లేవు, పంపకాలూ లేవు, ఆడమ్ చేతిలో నిండు కత్తి ఉంటుంది. కానీ ప్రతి భాగం మొదట్లో ఎటర్నియా రాకుమారుడు ఆడమ్‌ని నేనే అంటూ ఆ కథ మనకి చెప్పేది ఎవరు? ఆడమే. దావాలో ఒక పక్షం తన నోటితో ఇచ్చుకున్న వాంగ్మూలం అది. నిండు కత్తి తనదేనని చెప్పుకోక ఏం చేస్తాడు? స్కెలిటార్ నోట మొదలయ్యే భాగం ఒక్కటి మీకెక్కడైనా దొరికితే ముందు నాకు పంపండి, తర్వాత వాదించుకుందాం.