‘ఒంటికాయ’ అన్న మాట గుచ్చుకుంటోంది

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. హనుమకొండలో టీచర్ని. అమ్మానాన్న పోయాక ఒక్కదాన్నే ఉంటున్నా. ఇంట్లో నాకేం వెలితి లేదు. కానీ పోయిన సద్దుల బతుకమ్మనాడు చిన్నమ్మ అందరి ముందు నన్ను ‘ఒంటికాయ సొంఠికొమ్ము’ అన్నది. అప్పట్నుంచి చుట్టాలిళ్లకు పోవడం మానేశా. నేను ఏకాకినేనా? వాళ్ల నోళ్లు మూయించడానికైనా పెళ్లి చేసుకోనా?

జవాబు: చెల్లె, ఉత్తరంలో ఆ మాట కింద రెండు గీతలు గీశావు. ముందు మాట సంగతే చూద్దాం.

ఒంటి అంటే ఒక్కటి, అంతే. ఎండలు ముదరగానే మీ బడిలో పెట్టే ఒంటిపూట బడిలో ఉన్నదీ అదే. రెండో పూట లేదని ఏ పిల్లవాడైనా ఏడ్చాడా? పాత తెలుగులో ఒంటరి అంటే బంటు అనే అర్థం కూడా ఉంది. జాలి మనం తగిలించిందే.

ఏకాకి సంస్కృతం, ‘ఏక’ నుంచి వచ్చింది. కాకితో దానికి చుట్టరికం లేదు. కాకి నాలుగు మెతుకులు కనబడితే పదింటిని పిలుస్తుంది కూడా. బృహదారణ్యకోపనిషత్తులో మొట్టమొదట ఒక్కడే ఉన్నవాడు భయపడతాడు. నేను తప్ప ఎవరూ లేనప్పుడు ఎవరిని చూసి భయం అనుకోగానే ఆ భయం పోతుంది. అయినా మనసుకు సంతోషం ఉండదు: ‘ఏకాకీ న రమతే’. నీదీ అదే పరిస్థితి. గ్లాసెడు బియ్యం పొయ్యి మీద పెట్టి, నోట్‌బుక్కులు దిద్దుకుంటూ ఉండడానికి నీకు భయం లేదు. నిన్ను తినేస్తున్నది నలుగురితో కలిసే ఆటపాటలకు దూరమైన బాధ.

నోళ్లు మూయించడానికి మాత్రం పెళ్లి వద్దు. తోడు కావాలని నీకే అనిపిస్తే అప్పుడు చూడు, మించిపోయిందేం లేదు. చిన్నమ్మకు ఒక్క ఫోన్ చాలు: “ఆ మాటకు నా మనసు నొచ్చింది చిన్నమ్మా, మళ్లీ అనకు.” సంజాయిషీ ఇయ్యకు. అమ్మ లేని పిల్లవన్న దిగులు ఆమె నోట అట్లా వచ్చి ఉండొచ్చు. అయినా చెప్పాలి.

నిద్ర పట్టక, తిండి సయించక రెండు వారాలు గడిస్తే మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి. డబ్బులేం పడవు.

ఈసారి సద్దులకు నీ చేత్తోనే బతుకమ్మ పేర్చు. తంగేడు, గునుగు తేవడానికి పక్కింటి పిల్లల్ని వెంట తీసుకుపో. పద్మాక్షి గుట్ట దగ్గర అందరి బతుకమ్మల నడుమ నీదీ పెట్టు. ఆట అయ్యాక చిన్నమ్మకు సత్తుపిండి చేతిలో పెట్టు. ‘ఇస్తినమ్మ వాయినం’ అని నువ్వంటే, ‘పుచ్చుకుంటినమ్మ వాయినం’ అని ఆమె అనాలి కదా.