ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసుల పెట్టుమంటున్నరు, ఈ కంపెనీల చేరొచ్చా?

కల్వకుర్తి తమ్ముడు అడిగిన సంగతి ఇది: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయిపోయింది. జడ్చర్ల దిక్కు రెండు ఫార్మా కంపెనీలల్ల క్యూసీకి (మందుల నాణ్యత పరీక్షించే ల్యాబు పని) సెలెక్ట్ అయిండు. ఒకటి 17 వేలు ఇస్తది. ఇంకోటి 22 వేలు ఇస్తమంటున్నది గని, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసుల పెట్టాలె, అపాయింట్‌మెంట్ లెటర్ చేరినంక నెలకు ఇస్తరంట. ఆదివారం లోపు ఏదో ఒకటి చెప్పాలె. చేరకముందే కంపెనీ ఎట్లాంటిదో తెలుసుకునుడు ఎట్ల?

తమ్మీ, ఆ పక్కనే క్యూసీల ఐదేండ్ల సంది చేస్తున్న. ఇది నా మూడో కంపెనీ. మొదటిదాని పేరు చెప్పను గని, దాని హెచ్‌ఆర్ రూము ఇప్పటికీ కండ్ల ముందట ఉంటది. కిటికీ పక్కన బూడిద రంగు ఇనుప బీరువా, తలుపు సగం తెరిచి ఉన్నది. లోపల ప్లాస్టిక్ ఫైళ్లు ఒకదాని మీద ఒకటి, వాటి మీద మార్కర్‌తోని పేర్లు. అన్నీ నా అసొంటి పోరగాండ్ల టెన్త్ మెమోలు, డిగ్రీ ప్రొవిజనల్సే. నా ఫైలు తీసుకొని ఒక నోట్‌బుక్కుల పేరు, తారీఖు రాసుకున్నరు. రసీదు అడిగిన. "రసీదెందుకు తమ్మీ, ఇది మన కంపెనీ" అన్నడు సారు. నేను సుత నవ్విన. ఇంతమందివి పెట్టుకున్నరంటే భద్రంగనే ఉంటయి అని వాళ్ల తరఫున నాకు నేనే చెప్పుకున్న. ఇవి లేకపోతే ఎంతమంది వెళ్లిపోతరని వాళ్లకు భయం ఉన్నదో, ఆ లెక్క అప్పుడు తట్టలే.

ఏడు నెలలకు ఒక టీచర్ పోస్టుకు సర్టిఫికెట్ వెరిఫికేషన్ పడ్డది. ఫైలు అడిగితే ఎండీ సారు ఊర్ల లేడన్నరు. రేపన్నరు, ఎల్లుండన్నరు. ఆఖరికి మహబూబ్‌నగర్ లేబర్ ఆఫీసుల దరఖాస్తు ఇచ్చి, ముద్ర ఏసిన కాపీ తెచ్చి సెక్యూరిటీ ఆయన చేతిల పెట్టిన. అర్ధగంటల ఫైలు గేటు కాడికి వచ్చింది. టెన్త్ మెమో మూల మీద చాయ్ మరక ఉండె.

అందుకని సర్టిఫికెట్ల ముచ్చటల నేను కచ్చితంగ చెప్తా: చూపియ్యి, వాళ్ల ముందటనే జిరాక్సుల మీద సంతకం పెట్టియ్యి, ఫైలు ఇంటికి తెచ్చుకో. సరిచూసుకునుడే వాళ్ల పని అయితే అంతకన్నా అక్కర లేదు. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు అడిగినా ఇదే మాట. ట్రైనింగ్ ఫీజనో, డిపాజిటనో పైసలు అడిగిన్రనుకో, లేచి వచ్చెయ్యి.

లెటర్ సంగతి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చినయి. వాటి ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ ప్రతి ఉద్యోగికి ఇయ్యాల్సిందే. నెల ఆగుడు ఎందుకని అడుగు. లెటర్ వచ్చినంక అందుల అన్నిటికన్నా పైన ఉన్న పేరు చూడు. నా మొదటి జీతం స్లిప్పు మీద కంపెనీ పేరు లేకుండె, ఎవరో మ్యాన్‌పవర్ కాంట్రాక్టర్ పేరు ఉండె. ఇంటర్వ్యూల "కంపెనీ రోల్సా, కాంట్రాక్టా" అన్న ఒక్క ముక్క అడగకపోతిని.

జీతం లెక్క సుత చూడు. నాకు 18 వేలన్నరు, అది సీటీసీ, అంటే నా మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. బేసిక్ 10 వేలు. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం అంటే 1,200, గ్రాట్యుటీ పేరు మీద 481, ఈఎస్‌ఐల కంపెనీ వాటా 3.25 శాతం, ఇవన్నీ ఆ 18 వేలల్లనే కలిపిన్రు. మళ్ల నా వాటా పీఎఫ్ ఇంకో 1,200, ఈఎస్‌ఐ 0.75 శాతం, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150, బస్సుకు క్యాంటీన్‌కు కలిపి వెయ్యి. చేతికొచ్చింది 13,300 చిల్లర. ఇది మోసమని అనను, మంచి కంపెనీలు సుత సీటీసీ ఇట్లనే చెప్తయి. కాని "చేతికెంత" అని అడిగితే మంచి కంపెనీ కాగితం మీద ఏసి ఇస్తది. నా సారు "చేరు, అన్నీ సెట్ అయితయి" అన్నడు.

మోసమంటే తర్వాత జరిగింది. స్లిప్పుల పీఎఫ్ కోత ఉన్నది, ఉమంగ్ యాప్‌ల పాస్‌బుక్ తెరిస్తే నాలుగు నెలలు ఖాళీ. ఏ నెల పీఎఫ్ అయినా తర్వాతి నెల 15 లోపు కట్టాలె. దీన్ని నువ్వు చేరకముందే చూడొచ్చు. పీఎఫ్ చూసుకునే సర్కారు సంస్థ ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌ల కంపెనీ పేరు కొట్టి వెతికితే, ఏ నెలకు ఎంతమంది పేరు మీద ఎంత కట్టిన్రో వస్తది. గేటు కాడ మూడు బస్సుల జనం దిగుతుంటే అక్కడ నలభై మందే కనిపిస్తే, మిగిలినోళ్లు కాంట్రాక్టర్ కింద ఉన్నట్టు, లేకుంటే లెక్కలనే లేనట్టు.

మన పనికి ఇంకొకటి ఉన్నది, బయటోళ్లు ఎవ్వరూ చెప్పరు. ఇంటర్వ్యూల మేనేజర్ నన్ను "శాంపిల్ ఫెయిల్ అయితే ఏం చేస్తవ్?" అని అడిగిండు. చదువుకున్నదే చెప్పిన: సీనియర్‌కు చెప్పి ఓఓఎస్ (రిజల్ట్ లిమిట్ దాటిందని రాసి, ఎందుకో విచారించుడు) పెడ్త అన్న. ఆయన పక్కాయన మొఖం చూసి నవ్విండు. "బుక్కుల మాట. మళ్ల ఇంజెక్ట్ చేసి చూడవా?" అన్నడు. అంటే పాస్ అయ్యేదాక అదే శాంపిల్‌ను మిషన్ల మళ్ల మళ్ల పెట్టుమని. తెలివిని పరీక్షిస్తున్నడేమో అనుకున్న. పరీక్ష కాదది, డ్యూటీ ఏందో ముందే చెప్పుడు. రేపు ఆడిట్ వస్తే రా డేటా (మిషన్ ఇచ్చిన అసలు రీడింగులు) మీద సంతకం నీదే ఉంటది గాని ఆయనది ఉండదు. అమెరికాకు మందులు పంపే కంపెనీ అయితే, అక్కడి మందుల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ యూఎస్ ఎఫ్‌డీఏ ఇచ్చిన వార్నింగ్ లెటర్లు ఆ ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లనే అందరికీ కనిపిస్తయి. కూసొని చదువు, ల్యాబుల ఏం జరుగుతున్నదో అందుల రాసి ఉంటది.

కొన్ని చూసి ఉత్తగ భయపడకు. పొద్దున 9కి పిలిచి సాయంత్రం 4కు ఇంటర్వ్యూ చేసుడు, కటువుగ ప్రశ్నలడుగుడు, పాత బిల్డింగు ఇవేవీ లెక్కల్లకు రావు. ఇప్పుడు నేనున్న కాడ సుత ఏడు గంటలు కూసోబెట్టిన్రు. కాని రెండు వారాలకొకసారి అదే పోస్టుకు అదే వాక్-ఇన్ వాట్సాప్‌ల తిరుగుతుంటే మాత్రం "ఈ సీట్ల ఇదివరకు ఎవరున్నరు, ఎందుకు పోయిండు?" అని అడుగు.

హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టు, ఫోన్ల వద్దు. "సార్, చేరే రోజున ఒరిజినల్స్ చూపించి తిరిగి తీసుకుంటాను. అపాయింట్‌మెంట్ లెటర్, నెలకు చేతికొచ్చే జీతం వివరం ముందుగా పంపగలరా?" ఇంతే. 17 వేల కంపెనీకి సుత ఇదే పంపు, తక్కువ ఇచ్చేదాన్ని మంచిదనుకోకు.

శనివారం తీరిక చేసుకొని జడ్చర్ల బస్సెక్కు. మధ్యాహ్నం ఒకటిన్నరకల్లా 22 వేల కంపెనీ గేటు ముందటి చాయ్ బండి కాడ ఉండు. రెండింటికి పొద్దున షిఫ్ట్ ఇడుస్తది. "కంపెనీ మంచిదేనా అన్న?" అని అడగకు, అందరూ "ఆఁ, నడుస్తది" అనే అంటరు. "పోయిన నెల జీతం ఏ తారీఖున పడ్డదన్న?" అని అడుగు. ఏడో తారీఖు లోపు పడాలె. ఓటీకి (ఓవర్‌టైంకు) డబుల్ ఇస్తరా, ఉత్తగనే ఆపుతరా అడుగు. చాయ్ తాగుకుంట ఇంటికి పోయే బస్సు దిక్కు చూడు. పొద్దున నిండ వచ్చిన బస్సు రెండింటికి సగం సీట్లు ఖాళీతోని పోతున్నదంటే, మిగిలినోళ్లను లోపలనే ఆపిన్రన్నట్టు. మేము ఆ ఏడు నెలలు అట్లనే ఆగినం.