చిట్టా పుస్తకాలు అప్పుడే అమ్మెయ్యకు చిన్నీ

చిన్నీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, మిల్లు మొత్తం కంప్యూటర్ మీదకి ఎక్కిస్తున్నావనీ, కాటా, స్టాకు, రైతుల పేమెంట్లు అన్నీ నీ ఫోన్‌లోనే కనపడతాయనీ ఒకటే మురిసిపోయాడు. నాకూ సంతోషమేనే, కానీ రాత్రి రెండింటికి మెలకువొచ్చి మళ్ళీ నిద్ర పట్టలేదు, అందుకే ఇది టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

తెలిసినవి చెప్పి విసిగించను. ఓటీపీ చెప్పొద్దు, అందరికీ ఒకటే పాస్‌వర్డ్ వద్దు, ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. అంతే.

నా భయం వేరే. 2017లో గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మేనేజర్‌గా ఉన్నా కదా, మార్చిలోనే మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఓ లోపం సరిచేసే ప్యాచ్ ఇచ్చింది, సిస్టం అప్‌డేట్ అడిగినప్పుడల్లా మిర్చి టిక్కీలు దిగే టైంలో ఇదొకటా అని ‘తర్వాత’ నొక్కుతూ పోయింది నేనే. మే 12న ఆ లోపంలోంచే దూరి, ఫైళ్ళకి తాళమేసి డబ్బడిగే వానాక్రై వైరస్ బయటపడింది, మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లకీ తగిలిందని టీవీలో చెప్తుంటే మనకెందుకొస్తుందిలే అనుకున్నా. సోమవారం పొద్దున తొమ్మిదింటికి కాటా రూంలో కుర్రాడు సిస్టం ఆన్ చేస్తే తెరంతా ఎర్రగా, పక్కన టైం తగ్గిపోతూ, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టు, మూడ్రోజులు దాటితే డబుల్ అని ఉంది. వాడు మానిటర్ ఆపేసి టీకి వెళ్ళిపోయాడు. ఎందుకంటావ్? వారం ముందే ప్రింటర్ చెడిందని హమాలీలందరి ముందూ వాణ్ణి నానా మాటలన్నా, ఇంకోటి పాడుచేస్తే జీతంలో కోస్తానన్నా. మధ్యాహ్నం మూడింటిదాకా నోరు విప్పలేదు పాపం. ఈలోపు ఆఫీసులో మిగతా రెండింటికీ పాకేసింది, బ్యాకప్ డిస్కూ పోయింది, రోజూ పీకి బీరువాలో పెట్టడానికి బద్ధకించి సిస్టంకే గుచ్చి వదిలేసిన ఘనుణ్ణి కూడా నేనే.

సాయంత్రం ఒక రైతు చీటీ పట్టుకొచ్చి “నా సరుకు లోపల ఉన్నట్టా లేనట్టా సార్” అన్నాడు. నాకు మాట రాలేదు. మా ముసలి గుమాస్తా, నేను ఎన్నిసార్లు వద్దన్నా, చిట్టా రాస్తూనే ఉన్నాడు కాబట్టి బతికిపోయాం, మూడు రాత్రులు కూర్చుని లాట్ నంబర్లన్నీ మళ్ళీ ఎక్కించాం. అలాంటిది నువ్వు చిట్టా పుస్తకాలు తూకానికి అమ్మేస్తున్నావట, బుద్ధుందా? 2022 నవంబరులో ఇలాంటి సైబర్ దాడికే ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోతే అంత పెద్ద ఆస్పత్రే రోజుల తరబడి కాగితాల మీద నడిచింది, మన మిల్లెంత?

ఇప్పుడైతే ఇలాంటివి తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి, అదే సైబర్ దాడులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకి, చెప్పాలని రూల్ కూడా ఉంది. మా కుర్రాడు దాచిందీ సరిగ్గా అంతసేపే. మీ నాన్న నోరు నీకు తెలుసు, నీదీ తక్కువేం కాదు. ఎవడైనా వచ్చి ‘అక్కా, ఏదో నొక్కేశా’ అంటే ముందు నెట్ కేబుల్ పీకించు, తిట్లు తర్వాత చూసుకోవచ్చు.

చిన్నప్పుడు కాటా ఎక్కి నిలబడి “బాబాయ్, నేనెన్ని బస్తాలు” అనేదానివి. ఆ కాటా ఇప్పుడు నీ చేతికొచ్చింది తల్లీ.

ఆదివారం వస్తా. బ్యాకప్ ఉందని చెప్తే ఒప్పుకోను, ఖాళీ సిస్టంలో తెరిచి చూపించాలి. పిన్ని సున్నుండలు పంపిస్తోంది, పోయినసారి స్టీలు డబ్బా తిరిగిమ్మంది.

బాబాయ్