ముందు మానిటర్ సంగతి తేల్చండి, ప్రాసెసర్ సంగతి తర్వాత

ఈసారి వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం సొంతంగా గేమింగ్ పీసీ బిల్డ్ చేసుకుందామనుకుంటున్న వాళ్లవే. ప్రింటర్ మొరాయిస్తోందని, ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయిందని రాసినవాళ్లు ఏమీ అనుకోవద్దు, మీ వంతు వచ్చేసారి.

ప్రశ్న: మొదటిసారి గేమింగ్ పీసీ బిల్డ్ చేస్తున్నాను. ప్రాసెసర్ రైజెన్ 7 9800ఎక్స్3డీ, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060, ర్యామ్ 32 జీబీ అనుకున్నాను. 2560×1440 మానిటర్ ఒకటి చూసి పెట్టుకున్నా, 165 హెర్ట్జ్‌ది. కథ ఉన్న పెద్ద గేమ్స్ ఎక్కువ ఆడతాను. లిస్టు సరిగ్గానే ఉందా?

విడివిడిగా చూస్తే అన్నీ మంచివే, కలిపితేనే తేడా కొడుతోంది. కాడికి ఒకవైపు కోడెగిత్తను, రెండోవైపు దూడను కట్టినట్టుంది మీ లిస్టు.

గేమ్‌లో ఒక ఫ్రేమ్, అంటే తెర మీద పడే ఒక్కో బొమ్మ, తయారవ్వాలంటే ముందు ప్రాసెసర్ లెక్కలు కట్టాలి. శత్రువు ఎటు కదిలాడు, మీరు విసిరిన బాంబు ఎక్కడ పడింది, ఏ తలుపు తెరుచుకుంది, ఇవన్నీ తేల్చి ‘ఇదిగో, ఈ దృశ్యం గీయి’ అని గ్రాఫిక్స్ కార్డుకు అప్పజెబుతుంది. కార్డు కూర్చుని ఒక్కో పిక్సెల్‌కీ రంగు వేస్తుంది. రిజల్యూషన్ పెంచితే ప్రాసెసర్ పని దాదాపు అంతే ఉంటుంది, కార్డు పని మాత్రం పెరిగిపోతుంది. 1920×1080 (దీన్నే 1080పీ అంటారు) తెర మీద ఉండేవి సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. మీరు చూసుకున్న 2560×1440లో, అంటే 1440పీలో, 36.9 లక్షలు. 4కేకి వెళ్తే 82.9 లక్షలు. పైగా కథ గేమ్స్ అంటున్నారు, అంటే నీడలు, నీళ్లలో ప్రతిబింబాలు, సెట్టింగులన్నీ పైకి. ఆ భారమంతా కార్డు మీదే. 9800ఎక్స్3డీ తన పని చకచకా ముగించుకుని, 4060 ఎప్పుడు గీస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

ఆ ప్రాసెసర్ గొప్పతనం 96 ఎంబీ ఎల్3 క్యాష్‌లో, అంటే చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీలో ఉంది. దాని అవసరం ఉన్నవాళ్లు వేరే ఉన్నారు. 1080పీలో సెట్టింగులు తగ్గించుకుని 240 హెర్ట్జ్, 360 హెర్ట్జ్ (సెకనుకు తెర అన్నిసార్లు బొమ్మ మారుస్తుందని) తెర మీద పోటీ షూటర్లు ఆడేవాళ్లు, నగరాలు కట్టే గేములు, ఫ్లైట్ సిమ్యులేటర్లు ఆడేవాళ్లు. మీరు ఆ బాపతు కాదు.

కాబట్టి ప్రాసెసర్‌ని రైజెన్ 5 9600ఎక్స్‌కో, ఇంకా తగ్గిస్తే 7600కో దించండి, మిగిలిన డబ్బంతా కార్డులో పెట్టండి. 16 జీబీ మెమరీ ఉన్న ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ గానీ, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ గానీ కనీసం చూడండి. బడ్జెట్ ఒప్పుకుంటే 5070 లేదా 9070 వైపు వెళ్లండి. ‘తర్వాత ప్రాసెసర్ సరిపోకపోతే?’ అంటారేమో. ఈ రైజెన్లన్నీ ఏఎం5 సాకెట్‌వే (సాకెట్ అంటే బోర్డులో ప్రాసెసర్ బిగించే చోటు), 2027 వరకూ ఆ సాకెట్‌ను కొనసాగిస్తామని రైజెన్ తయారుచేసే ఏఎండీ చెప్పింది. ఇంతకుముందు ఏఎం4 విషయంలో ఏం జరిగిందో చూశాం కదా, 2017లో మొదటి రైజెన్లతో వచ్చిన చాలా బోర్డుల్లో 2022 నాటి 5800ఎక్స్3డీ కూడా బయోస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే పనిచేసింది. కొన్నేళ్లయ్యాక అదే బోర్డులో పెద్ద ప్రాసెసర్ బిగించుకోవచ్చు.

అసలు చాలామంది లిస్టు రాసేటప్పుడు ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, మానిటర్‌ని చివర్లో మిగిలిన డబ్బుతో కొంటారు. తిరగేయండి. ఏ తెర, ఏ గేములు అన్నది తేలితే కార్డు తేలుతుంది, కార్డు తేలితే ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే డబ్బా) వాటంతట అవే తేలతాయి.

ప్రశ్న: ఒక వెబ్‌సైట్‌లో నా ప్రాసెసర్, కార్డు పేర్లు కొడితే 20 శాతం బాటిల్‌నెక్ అని చూపించింది. టెన్షన్‌గా ఉంది. ప్రాసెసర్ మార్చాలా?

ఆ పేజీ మూసేయండి, టెన్షన్ అక్కడికే పోతుంది. బాటిల్‌నెక్ అంటే ఒక భాగం నెమ్మదిగా ఉండి మిగతావాటిని ఆపేయడం. మీరు ఏ గేమ్ ఆడతారో, ఏ సెట్టింగుల్లో ఆడతారో తెలియకుండా రెండు పేర్లు చూసి శాతం చెప్పడమంటే మనిషిని చూడకుండా చొక్కా కుట్టడమే. ఒకే పీసీలో ఒక గేమ్‌కి ప్రాసెసర్ అడ్డం పడుతుంది, ఇంకో గేమ్‌కి కార్డు. ఒకే గేమ్‌లో కూడా జనం కిక్కిరిసిన ఊళ్లోకి అడుగుపెట్టగానే సీన్ మారిపోతుంది.

సొంతంగా చూసుకోవడం తేలికే. గేమ్ ఆడుతూ గ్రాఫిక్స్ కార్డు వాడకం ఎంతుందో తెర మూలన కనిపించేలా పెట్టుకోండి. ఎఫ్‌పీఎస్‌కి (సెకనుకు వచ్చే ఫ్రేముల లెక్కకి) మీరేమీ పరిమితి పెట్టకుండా కార్డు 95 శాతం పైన నడుస్తోందంటే పరిమితి కార్డుదే, గేమింగ్ పీసీలో మనకు కావాల్సింది కూడా అదే. 60, 70 శాతం దగ్గర ఆగిపోతుంటే ప్రాసెసర్‌ని అనుమానించండి. ఇక్కడో తిరకాసు: ప్రాసెసర్ వాడకం 40 శాతమే ఉంది కాబట్టి దాని తప్పు లేదనుకోవద్దు. అది కోర్లన్నిటి (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాల) సగటు. గేమ్‌కి ముఖ్యమైన ఒకటి రెండు కోర్లు నిండిపోయి, మిగతావి ఖాళీగా ఉన్నా 40 అనే చూపిస్తుంది.

ప్రశ్న: ఒకే కార్డు 8 జీబీ, 16 జీబీ అని రెండు రకాలుగా దొరుకుతోంది. వేగం ఒకటే అంటున్నారు. అంత తేడా పెట్టి 16 కొనాలా?

వేగం ఒకటే అన్నది నిజమే, మెమరీ నిండనంత వరకు. గేమ్‌లోని గోడలు, బట్టలు, ముఖాల మీద పరిచే బొమ్మల్ని టెక్స్‌చర్లు అంటాం. ఇవి కార్డు సొంత మెమరీలో ఉండాలి. అక్కడ చోటు చాలకపోతే పీసీ ర్యామ్‌లోకి పొంగుతాయి, అక్కడి నుంచి తెచ్చుకోవడం చాలా నెమ్మది. అప్పుడు గేమ్ ఠక్కున ఆగి కదులుతుంది, లేదా దగ్గరికి వెళ్లినా గోడ మసకగానే ఉంటుంది. సగటు ఎఫ్‌పీఎస్ పట్టికల్లో ఇది సరిగా కనపడదు, ఆడేవాడికే తెలుస్తుంది ఆ బాధ. 5060 టీఐ లాంటి కార్డులు స్లాట్‌లో 8 లేన్లే (డేటా వెళ్లే దారులు) వాడతాయి కాబట్టి పీసీఐఈ 3.0 (పాత తరం స్లాట్) ఉన్న పాత బోర్డులో పెడితే ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ.

1080పీలో పోటీ షూటర్లు తప్ప ఇంకేమీ ఆడను అంటే 8 చాలు. కొత్త పెద్ద గేమ్స్, 1440పీ అనుకుంటే 16 తీసుకోండి, నాలుగేళ్లు వాడే వస్తువు.

ఒక జాగ్రత్త. మెమరీ సైజు తప్ప లోపల అంతా ఒకటే అని ప్రతిసారీ అనుకోవద్దు. ఆర్‌టీఎక్స్ 3060 విషయంలో 12 జీబీ కార్డుకు 192 బిట్ బస్ (మెమరీకి వెళ్లే దారి వెడల్పు) ఉంటే, తర్వాత అదే పేరుతో వచ్చిన 8 జీబీ కార్డుకు 128 బిట్ మాత్రమే ఇచ్చారు. పెట్టె మీద పేరు మాత్రం ఒకటే!

ప్రశ్న: ఏడేళ్ల నాటి 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉంది, 80 ప్లస్ గోల్డ్. కొత్త పీసీలో ఆర్‌టీఎక్స్ 5070 వేస్తున్నాను. పాతదే వాడుకోవచ్చా?

వద్దు. 80 ప్లస్ అనేది కరెంటు ఎంత వృథా కాకుండా మారుస్తుందో చెప్పే గుర్తు. లోపల కెపాసిటర్లు ఎంత గట్టివి, షార్ట్ అయితే ఆగుతుందా లేదా అన్నది ఆ గుర్తు చెప్పదు.

లెక్క చూద్దాం. 5070 కార్డు 250 వాట్లు. 65 వాట్లని రాసి ఉండే రైజెన్ 5 నిండుగా పనిచేస్తే 88 వాట్ల దాకా తీసుకుంటుంది. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి ఇంకో 60 అనుకుందాం. మొత్తం 400 దగ్గర. కాగితం మీద 500 సరిపోయినట్టే ఉంది కదా, కానీ కొత్త కార్డులు సెకనులో అతిచిన్న భాగంలో తమ పరిమితిని మించి గుటుక్కున కరెంటు లాగుతాయి. పాత ఎస్‌ఎంపీఎస్ దాన్ని ప్రమాదమనుకుని ఆపేస్తుంది, మీరేమో గేమ్ మధ్యలో పీసీ ఎందుకు ఆరిపోయిందో తెలియక విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటారు. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ కుదుపుల కోసమే, 100 మైక్రోసెకన్ల పాటు రెండింతల భారం మోయాలని అందులో ఉంది. 5070కి ఎన్విడియా చెప్పేది కనీసం 650 వాట్లు. ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 ఉన్న 750 తీసుకుంటే తర్వాత కార్డు మార్చినా నడుస్తుంది.

కొత్తది కొన్నాక పాతదాని కేబుళ్లు కూడా పక్కన పడేయండి. ఇది అనుభవం మీద చెబుతున్నాను. ఒకసారి ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు, వెనకాల అంత చక్కగా కట్టిన వైర్లు మళ్లీ విప్పడమెందుకని బద్ధకించి, డిస్క్‌కు కరెంటిచ్చే పాత సాటా కేబుల్నే కొత్తదానికి గుచ్చాను. పిన్ను సరిగ్గానే దూరింది. పవర్ నొక్కగానే చిన్న వాసన, ఆ తర్వాత హార్డ్ డిస్క్ మళ్లీ లేవలేదు. డిస్క్ వైపు కనెక్టర్ అన్నిటికీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు మాత్రం ఏ పిన్నుకు ఎన్ని వోల్టులన్నది ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, ఒకే కంపెనీలో మోడల్ మారినా మారొచ్చు. కార్డుకు పెట్టే 12వీ-2×6 కనెక్టర్‌ని కూడా సందు కనపడకుండా పూర్తిగా లోపలికి నొక్కండి. సగం దిగినది వేడెక్కి కరిగిపోవచ్చు.

ప్రశ్న: డీడీఆర్5 ర్యామ్ 8 జీబీవి నాలుగు వేయాలా, 16వి రెండా?

రెండే. నాలుగు నింపితే చాలా బోర్డులు వేగం తగ్గించేస్తాయి. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్‌లో పెట్టండి (బోర్డు పుస్తకంలో ఒకసారి చూసుకోండి). రైజెన్‌కి 6000 వేగం, సీఎల్30 (స్పందనలో ఆలస్యం చెప్పే అంకె, తక్కువైతే మేలు) ఉన్నవి దొరికితే బాగుంటుంది. బిగించాక బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో గానీ ఎక్స్‌ఎంపీ గానీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగులు) ఆన్ చేయకపోతే 6000 ర్యామ్ కాస్తా 4800 దగ్గరే నడుస్తుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. బోర్డు ర్యామ్‌ని పరీక్షించుకుంటోందన్నమాట, కంగారుపడి స్విచ్ ఆపకండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కోర్ ఐ9-13900కే చవగ్గా వస్తోంది. కొనొచ్చా?

నేనైతే కొనను. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ వోల్టేజ్ వల్ల చిప్ అరిగిపోయి గేములు క్రాష్ అయ్యే సమస్య 2024లో బయటపడింది. బయోస్ ద్వారా మైక్రోకోడ్ (చిప్ లోపలి సూచనలు) అప్‌డేట్లు ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పెంచారు. కానీ అప్‌డేట్ ఇకముందు అరగకుండా ఆపేదే, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయదు. ముందు వాడినవాళ్లు ఎప్పుడు అప్‌డేట్ చేశారో మీకెలా తెలుస్తుంది?

ప్రశ్న: అన్నీ నేనే బిగించాను. పీసీ ఆన్ అయింది, కానీ కొత్త కార్డు పెట్టినా గేమ్ 20 ఎఫ్‌పీఎస్ దాటట్లేదు. కార్డు పాడైందా?

మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. పీసీ వెనకాల పైన నిలువుగా ఉండే పోర్టుల్లో, అంటే యూఎస్‌బీలు ఉన్న చోట పెట్టి ఉంటే అది మదర్‌బోర్డుది. తీసి, కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు పోర్టులో పెట్టండి. నవ్వకండి, ఏళ్లుగా పీసీలు బిగిస్తున్నవాళ్లు కూడా చేసే పొరపాటే ఇది. ఎఫ్ అక్షరంతో ముగిసే ప్రాసెసర్ అయితే బోర్డు పోర్టులో పెడితే అసలు బొమ్మే రాదు కాబట్టి వెంటనే దొరికిపోతాం, మీ ప్రాసెసర్‌లో చిన్న గ్రాఫిక్స్ ఉండబట్టే ఇన్నాళ్లు తెలియలేదు.

అది మార్చాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేట్ 60 దగ్గరే ఉందేమో కూడా చూడండి. 144 హెర్ట్జ్ తెర కొని ఏడాదిగా 60లోనే ఆడుతున్నవాళ్ల ఉత్తరాలు నా దగ్గర చాలానే ఉన్నాయి.